పాత ఇంటి కలప పెట్టుకోవడానికి గట్టి ర్యాకు కావాలి: గోడకు కొట్టాలా, నేల మీద నిలబెట్టాలా?

కాకినాడ కాజా:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మాది కాకినాడ. పల్లెలో మా తాతగారి పెంకుటిల్లు పోయిన వేసవిలో దించేశాం. కలపంతా అడితికి తోలేద్దామని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారు, నాకు మనసొప్పక ట్రాక్టరు మాట్లాడి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడదంతా కారు షెడ్డులో నేల మీద గుట్టగా పడి ఉంది, కారు బయట ఎండలో ఉంది, ఇంట్లో నా పరిస్థితి కూడా ఇంచుమించు కారు పరిస్థితే.

ఉన్న సరుకు ఇది: 12 అడుగుల టేకు దూలాలు 10, ఒక్కోటి 6 అంగుళాలు బై 4 అంగుళాలు. తాటి వాసాలు 25, తొమ్మిదేసి అడుగులు. ఇవిగాక ద్వారబంధాలు విప్పిన ముక్కలు, అటక మీద పరిచిన పలకలు, పాత తలుపు రెక్కలు, అన్నీ కలిపి ఓ 10 ఘనపుటడుగులు ఉంటాయి. శని, ఆదివారాల్లో ఏదో ఒకటి చేసుకుంటూ ఉంటాను, డ్రిల్లు, సర్క్యులర్ రంపం, చేతి ప్లానరు ఉన్నాయి. వెల్డింగ్ రాదు.

షెడ్డు పొడవు 18 అడుగులు, వెడల్పు 10. పైన రేకులు. ఒకవైపు మా ఇంటి గోడ, దానికి పెద్ద కిటికీ, కుళాయి పైపులు ఉన్నాయి కాబట్టి అటు కుదరదు. రెండోవైపు కాంపౌండ్ గోడ. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ఎత్తు 6 అడుగులు, పక్కింటివాళ్లతో ఉమ్మడి.

యూట్యూబ్‌లో ఒక పద్ధతి చూశాను. గోడకు నిలువుగా చెక్కలు బిగించి, వాటికి వరసగా బెజ్జాలు వేసి, ఇనప పైపు ముక్కలు దూర్చి, వాటి మీద చెక్కలు పేర్చేస్తున్నారు. మధ్యాహ్నానికల్లా అయిపోయేలా కనబడింది. తొందరపడి ముప్పావు అంగుళం జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనప నీళ్ల పైపు), ముప్పావు అంగుళం బిట్టు, యాంకర్ బోల్టులు కొనేశాను కూడా. తీరా ఒక చెక్కకు బెజ్జం వేసి చూస్తే పైపు దూరలేదు. షాపులో తప్పు పైపు ఇచ్చారా?

అసలు ఆ కాంపౌండ్ గోడకు ఇంత బరువు వేలాడదీయొచ్చా? చెక్కతో చేయాలా, ఇనుముతోనా? నిలువులు ఎంతెంత దూరంలో పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నట్టు బోల్టు:

10 ఎంఎం యాంకర్లు కొట్టి యాంగిల్ బ్రాకెట్లు బిగించేయండి బాసూ, ఇంత ఆలోచన దేనికి. మా షాపులో పీవీసీ పైపులన్నీ అలాగే పెట్టాం. ఐదేళ్లయింది, కదల్లేదు.

చిత్రిక:

పీవీసీ పైపుకూ టేకు దూలానికీ పోలికేంటండీ. ఆయన చెప్పిన కొలతకు ఒక్క దూలమే రెండు ఘనపుటడుగులు, ఎండిన టేకు ఘనపుటడుగుకు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది, అంటే ఒక్కోటి 38 కిలోల దగ్గర. అలాంటివి పది. నాలుగున్నర అంగుళాల గోడకు ఆ సైజు బోల్టు కోసం బెజ్జం వేస్తుంటేనే అవతలివైపు పెచ్చు ఊడి పక్కింటివాళ్ల పెరట్లో పడుతుంది. ఆ తర్వాత ర్యాకు సంగతి అటుంచి రోజూ పలకరింపులు ఎలా ఉంటాయో ఆలోచించుకోండి.

పైపు తప్పేం కాదు. నీళ్ల పైపుకు ముప్పావు అనేది పేరే, బయటి కొలత కాదు. ముప్పావు జీఐ పైపు బయట దాదాపు 27 ఎంఎం ఉంటుంది, మీ బిట్టు 19. షాపాయన్ని ఏమీ అనకండి, పైపు వాపసు తీసుకుంటాడేమో అడగండి.

వరంగల్ వెల్డింగ్:

నేను ఫ్యాబ్రికేషన్ పనే చేస్తాను. గేట్లు, గ్రిల్సు, మెట్లు, గోడౌన్లకు ర్యాకులు. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ పనిలో తప్పు జరిగితే కాలి మీద పడేది గ్రిల్లు కాదు, దూలం.

ముందు మొత్తం బరువు చూద్దాం. దూలాలు 20 ఘనపుటడుగులు, అంటే 380 కిలోల పైమాటే. తాటి వాసాలు చేవగలవైతే టేకు కంటే బరువుంటాయి, వాటికి ఓ రెండొందల కిలోలు వేసుకోండి. మిగతా ముక్కలకు ఇంకో రెండొందలు. ఎనిమిది వందల కిలోలు అనుకుని కట్టుకోవాలి. ఒకసారి ర్యాకంటూ నిలబడ్డాక మీరు ఇంకా తెస్తారు, ఇది మాత్రం నేను గ్యారంటీగా చెప్పగలను.

ఇక గోడ సంగతి. చాలామంది బోల్టు తెగుతుందా లేదా అని చూస్తారు. బోల్టు తెగదు, గోడలోంచి ఊడి వస్తుంది. అడుగున్నర చేయి ఉన్న బ్రాకెట్టు మీద 20 కిలోలు పెడితే ఆ బరువు గోడకు 9 అంగుళాల దూరంలో ఉన్నట్టు లెక్క. బ్రాకెట్టు గోడకు ఆనే కాలు 9 అంగుళాలు, పై బోల్టు దాని కింది అంచు నుంచి 8 అంగుళాల ఎత్తులో ఉందనుకోండి. అప్పుడు ఆ బోల్టును బయటికి లాగే బలం 20 ఇంటూ 9 బై 8, అంటే 22 కిలోల పైనే. పెట్టిన బరువు కంటే ఎక్కువ. అదే చేయిని నేల మీద నిలబడే ఆరడుగుల నిలువుకు అతికించి, ఆ నిలువును పైన 70 అంగుళాల ఎత్తులో ఒక్కచోట గోడకు పట్టిస్తే అదే 20 కిలోలకు బోల్టు మీద లాగుడు రెండున్నర కిలోలే. బరువంతా నిలువులోంచి నేలకు దిగిపోతుంది, గోడ పని పక్కకు ఒరగకుండా పట్టుకోవడం వరకే. మీరు ఏ ర్యాకు చేయించినా సరే, బరువు దిగాల్సింది నేలకు, గోడకు కాదు.

మీకైతే ఆ గోడ ఉమ్మడిది, పైగా సన్నది, కాబట్టి దాన్ని అసలు ముట్టుకోవద్దు. సొంత కాళ్ల మీద నిలబడే ర్యాకు చేయించండి. పక్క నుంచి చూస్తే నిలువు వెనక ఉంటుంది, దాని అడుగున ముందుకు చాచిన పాదం, పైన మూడు చేతులు. చేతులు అడుగున్నర, పాదం రెండున్నర అడుగులు. పాదం చేతుల కంటే పొడుగ్గా ఉండి తీరాలి. కొందరు అడుగున బరువైన దూలాలు ఉంటాయి కదా, పాదం పొట్టిగా ఉన్నా పడదులే అంటారు. ఆ దూలాలు ఒక్కొక్కటే వాడేసుకున్నాక పైన వాసాలు మిగిలి కింద ఖాళీ అవుతుంది, అప్పుడు పడుతుంది.

దూలాలు పాదాల మీదే పెట్టుకోండి. 38 కిలోల చెక్కను భుజం పైకి ఎత్తాల్సిన ఖర్మ మీకెందుకు. వాసాలు మధ్యలో, తేలికవి పైన.

దూరం: 12 అడుగుల సరుక్కు ఐదు నిలువులు పెట్టండి, రెండున్నర అడుగులకొకటి. మొత్తం 10 అడుగులు వస్తుంది, చెక్క రెండు చివర్లా ఒక్కో అడుగు బయటికి ఉంటుంది. దూలాలకైతే మూడు నిలువులు సరిపోతాయి, కానీ అంగుళం పలకలు నాలుగైదు అడుగుల ఖాళీ మీద ఏడాది పడుకుంటే ఉయ్యాల బల్లలా వంగుతాయి, మళ్లీ తిన్నగా కావు.

ఇనుము: నిలువులకూ పాదాలకూ 50 బై 50 స్క్వేర్ ట్యూబు, 3 ఎంఎం మందం. చేతులకు 40 బై 40, 2 ఎంఎం చాలు. మీ బరువుకు లెక్క వేస్తే నిలువుకు కూడా 40 సరిపోతుంది, అయినా 50 ఎందుకంటున్నానంటే మూడు చేతుల వంపూ కలిసి చివరికి నిలువు అడుగునే పడుతుంది, అక్కడ పొదుపు చేయొద్దు. నిలువు, పాదం కలిసే మూలలో మూడుమూలల ప్లేటు ముక్క పెట్టించండి, టాకాలతో, అంటే అక్కడక్కడా చుక్క వెల్డింగ్‌తో, సరిపెట్టకుండా చుట్టూ పూర్తి వెల్డింగ్ వేయించండి. వెనకవైపు పైనొకటి, కిందొకటి అడ్డపట్టీలు, వాటి మధ్య ఇంటూ గుర్తులా రెండు ఐమూల పట్టీలు. ఈ ఐమూల పట్టీలు లేకపోతే పొడవు వైపు మొత్తం ర్యాకు ఊగుతుంది, మిగతావెన్ని పెట్టినా ఆగదు. అంతా కలిపి వంద కిలోల ఇనుము అవుతుంది, అటూ ఇటూగా.

ఇంకో రెండు మాటలు. చేతులు నేలకు సమాంతరంగా కాకుండా చివర కొంచెం పైకి లేచి ఉండాలి, అడుగుకు అర అంగుళం చొప్పున. చెక్కలు వాటంతటవే లోపలికి ఆనుకుంటాయి, ముందుకు జారవు. రెండోది, ఇది ముఖ్యం: ఐదు నిలువులనూ పక్కపక్కన పడుకోబెట్టి, అడుగులు ఒక గీతకు చేర్చి, మూలమట్టం పెట్టి ఐదింటికీ ఒకేసారి గీత గీయమనండి. విడివిడిగా టేపు పెట్టి కొలిస్తే ఏదో ఒకటి తప్పుతుంది. మా దగ్గర కుర్రాళ్లకు కూడా ఇదే గొడవ.

కాకినాడ కాజా:

వరంగల్ గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. బోల్టు లెక్క రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు, అర్థమయ్యాక ఇంట్లో టీవీ పెట్టిన బ్రాకెట్టు వైపు చూస్తే భయమేసింది.

రెండు సందేహాలు. ఇనుము మీద చెక్క పెడితే మరకలు పడతాయా? మా షెడ్డు పక్కలు తెరిచే ఉంటాయి, సముద్రపు గాలి కూడా. ఇంకోటి, ఇదే చెక్కతో చేస్తే తేలిగ్గా అవదా, వెల్డింగ్ వాళ్ల చుట్టూ తిరగక్కర్లేకుండా?

వరంగల్ వెల్డింగ్:

మరకలు పడతాయి. తేమగా ఉన్న చెక్క, ఉత్త ఇనుము తగిలితే నల్లగా దిగుతుంది, తుమ్మ, నల్లమద్ది లాంటి వగరు చెక్కలకైతే మరీ ఎక్కువ. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, దాని మీద ఎనామెల్ వేయించండి, వెల్డింగ్ అతుకుల దగ్గర ముందు చిప్పలు కొట్టేసి వైరు బ్రష్ పట్టించాకే రంగు. ట్యూబుల కొసలు మూయించడం మర్చిపోవద్దు, సముద్రం పక్కన తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. చేతుల మీద పాత సైకిల్ ట్యూబు తొడగండి, మరకా పడదు, చెక్కా జారదు.

చిత్రిక:

చెక్కతో ఎందుకవదు, బ్రహ్మాండంగా అవుతుంది. వెల్డింగ్ అన్నకు కోపం రాకూడదు గానీ, నా ర్యాకు తొమ్మిదేళ్లుగా చెక్కదే. మూడు బై నాలుగు నిలువులు, చేతికి రెండు వైపులా 18 ఎంఎం ప్లైవుడ్ మూడుమూలల ముక్కలు జిగురు పెట్టి స్క్రూలు బిగించాను. చేతుల జాగా మార్చాలంటే నాలుగు స్క్రూలు విప్పితే చాలు, ఇనపదానికి మళ్లీ కటింగ్ మిషను కావాలి. వెల్డింగ్ రానివాళ్లకు ఇదే మంచిదని నా అభిప్రాయం.

కాకపోతే నాది గదిలో ఉంది. పక్కలు తెరిచిన షెడ్డు, చెద ఉన్న నేల అయితే చెక్క నిలువు నేలకు ఆనించను. అది ఒప్పుకుంటాను.

గరాజ్ గోల, డాలస్:

నేనూ ఒక మాట. మీరు చూసిన ఆ వీడియో బహుశా మా వైపుదే. ఇక్కడి ఇళ్ల గోడలు ఇటుకవి కాదు, లోపల 16 అంగుళాలకొక నిలువు చెక్క ఉంటుంది, దాన్ని స్టడ్ అంటారు, పైన జిప్సం బోర్డు. గరాజ్‌లో ఆ స్టడ్ ఎక్కడుందో వెతికి నాలుగంగుళాల పెద్ద స్క్రూ చెక్కలోకి దించేస్తాం. ఆ స్క్రూ చెక్కను పట్టుకున్నట్టు మీ యాంకర్ ఇటుకను పట్టుకోదు. పైగా ఇక్కడ షాపులో దొరికే పైన్ రకాలు తేలిక, ఘనపుటడుగుకు 12, 13 కిలోలు. అదే ర్యాకులో మీ టేకు పెడితే బరువు ఒకటిన్నర రెట్లు.

ఇంకో తమాషా ఏంటంటే ఇక్కడ టూ బై ఫోర్ అని అమ్మే చెక్క నిజం కొలత ఒకటిన్నర బై మూడున్నర. మీ ముప్పావు పైపు కథే. వచ్చిన కొత్తలో నేనూ ఒక బల్ల మొత్తం తప్పు కొలతలతో కోసి కూర్చున్నాను.

మీరు అడగలేదు గానీ, ప్లైవుడ్ షీట్లు కూడా పెట్టుకునే ఉద్దేశం ఉంటే చేతుల మీద పడుకోబెట్టకండి. ఎనిమిది బై నాలుగు 18 ఎంఎం షీటు ముప్పై కిలోల పైనే ఉంటుంది, కిందిది కావాలంటే పైవన్నీ దించాలి. ర్యాకు ఒక పక్కన నిలువుగా ఆనించే జాగా వదులుకోండి, అడుగున రెండు బద్దెలు వేసి.

గోదారి గట్టు:

మాది రాజమండ్రి, మా నాన్నగారు వడ్రంగం చేసేవారు, నేను ఉద్యోగంలో పడ్డాను గానీ చెక్క వాసన వదల్లేదు. ర్యాకు గురించి పెద్దలు చెప్పారు. నాకు మీ చెక్క గురించే బెంగగా ఉంది కాజా గారూ. పోయిన వేసవి నుంచి అది నేల మీదే ఉందన్నారు. ర్యాకు వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారమే ఇటుకల మీదకి ఎత్తేయండి.

చెద టేకు చేవను అంత తొందరగా ముట్టుకోదు, కానీ దూలం అంచుల్లో తెల్లగా ఉండే చేవలేని భాగాన్ని వదలదు, తలుపు చెక్కల్లో మామిడిలాంటివి కలిసి ఉంటే వాటిని అసలు వదలదు. ర్యాకు వచ్చాక గోడకూ చెక్కకూ మధ్య కనీసం మూడు నాలుగు అంగుళాలు ఖాళీ వదలండి, చెద గోడ మీదుగా కూడా వస్తుంది. కింద చీపురు దూరేంత ఎత్తు ఉండాలి, ఆరంగుళాలు ఉంటే మంచిది. వరంగల్ గారి డిజైనులో పాదాలు నేలకు ఆనుతాయి కాబట్టి పాదాల మీద నేరుగా దూలం పెట్టకుండా నాలుగంగుళాల దుంగ ముక్కలో, అదే సైజు ఇనప ట్యూబు ముక్కలో అడ్డంగా వేసుకోండి. ఇనప కాలు మీద కూడా చెద మట్టి గొట్టం కట్టుకుంటూ ఎక్కుతుంది, అయితే ఇనుము మీద అది కంటికి కనబడుతుంది, అదే లాభం. నెలకోసారి టార్చిలైటు వేసి చూస్తే చాలు.

పుచ్చు వేరే. పలకల కింద పిండిలాంటి సన్న పొడి రాలి, గుండుసూది తలంత బెజ్జాలు కనబడితే అది పుచ్చు పురుగు. అలాంటి ముక్కల్ని మిగతావాటితో కలపొద్దు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో కలిపి చేవలేని భాగాలకు బ్రష్‌తో రెండు మూడుసార్లు పట్టించండి, ఎండాక ర్యాకు మీద పెట్టండి. వాన తగిలే చోట ఆ మందు కడుక్కుపోతుంది, అది గుర్తుంచుకోండి.

పలకల వరసల మధ్య సన్న రీపరు ముక్కలు వేయండి, ముప్పావు అంగుళంవి. గాలి ఆడాలి. ఆ ముక్కలు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఒకే గీతలో, సరిగ్గా ర్యాకు చేతుల మీదకి రావాలి. అటొకటి ఇటొకటి వేస్తే పలకలు అలాగే వంపు తిరుగుతాయి. మా నాన్నగారు ఈ ముక్కలు పక్కకు జరిపితే ఉలి చేతిలో ఉండగానే కేకలేసేవారు.

చివరగా మేకులు. పాత ఇంటి చెక్కలో తల విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి. ఒక గట్టి అయస్కాంతం దారానికి కట్టి చెక్క పొడుగునా తిప్పండి, అది ఎక్కడ తూగితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. ఇదంతా ర్యాకు మీద పేర్చేముందే చేయాలి, పేర్చాక ఎవరూ చేయరు. దూలాల కొసలు గోడలో దిగి ఉన్న ఆరేసి అంగుళాలు సున్నం, మట్టి పట్టి మెత్తబడి ఉంటాయి, వాటిని కోసి పారేయండి, మీ ప్లానరు బ్లేడుకు ఆయుష్షు.

చిత్రిక:

గట్టు గారి మాటకు నాదో తోక. ఆ పాత తలుపుల రంగు గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి, నీళ్లు చల్లి గీకండి. పాత రంగుల్లో సీసం ఉండేది. పిల్లలు ఆడుకునే చోట అసలు వద్దు.

పొట్టి ముక్కల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. నాలుగంగుళాల పీవీసీ పైపు అడుగున్నర ముక్కలుగా కోసి ఒక పెట్టెలో నిలబెడితే బద్దెలూ రీపర్లూ అందులో ఉంటాయి. అడుగు కంటే చిన్నవి ఒక బస్తాలో. బస్తా నిండితే నీళ్ల కాగు కిందకి. దాచుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు, నా దగ్గరా మూడు బస్తాలున్నాయి.

కాకినాడ కాజా:

ఇనుముకే ఫిక్సయ్యాను. చిత్రిక గారి చెక్క ర్యాకు గురించి చదివాక మనసు లాగింది గానీ, దూలాలు దాచుకోవడానికి ఒక దూలం కోయాలంటే చేతులు రాలేదు. కలప ఇటుకల మీదకి ఎత్తాను. గట్టు గారూ, మీరు చెప్పింది నిజం, అడుగున ఉన్న రెండు పలకలకు అప్పటికే మట్టి గీతలు వచ్చేశాయి. పలకలు పోయాయి, దూలాలు క్షేమం. అయస్కాంతంతో ఇప్పటిదాకా 140 మేకులు దొరికాయి, వాటిలో సగం మా తాతగారి కాలపు నలుచదరం మేకులు.

వెల్డింగ్ షాపులో చెప్పి వచ్చాను. అన్ని కొలతలూ కాగితం మీద గీసిచ్చాను.

కాకినాడ కాజా:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. ర్యాకు వచ్చింది, నిలబడింది, ఎనిమిది వందల కిలోలూ ఎక్కాయి, నేను వేలాడి కూడా చూశాను.

ఇప్పుడు తప్పు ఒప్పుకుంటాను. ఐదు నిలువులూ కలిపి గీత గీయమన్న మాట నా కాగితం మీద రాయలేదు, చెప్పడమూ మర్చిపోయాను. నాలుగు సరిగ్గా ఉన్నాయి, మధ్యలో మూడోదాన్ని మాత్రం కుర్రాడెవరో పై నుంచి కొలిచినట్టున్నాడు, దాని మూడు చేతులూ అంగుళం కిందకి వచ్చాయి. ఇంటికి తెచ్చి రసమట్టం పెట్టేదాకా నేనూ చూసుకోలేదు. వెనక్కి పంపాలంటే మళ్లీ వ్యాను కావాలి.

ఇంకోటి, షెడ్డు నేల నీళ్లు పోవడానికి గేటు వైపు వాలుగా ఉంది, పది అడుగుల్లో అంగుళంన్నర తేడా. ఇప్పుడు చివరి రెండు పాదాల కింద రాయి ముక్కలు పెట్టాను. అది సరేనా?

వరంగల్ వెల్డింగ్:

మూడో నిలువు చేతుల మీద అంగుళం రీపరు పెట్టి రెండు నట్లతో బిగించండి, పైన సైకిల్ ట్యూబు ఎలాగూ వేస్తారు, ఎవరికీ కనబడదు. దానికి వ్యాను ఖర్చు దండగ. అంగుళం కిందకి ఉండటం మంచిదైంది, పైకి ఉండి ఉంటే మిగతా నాలుగింటికీ రీపర్లు కొట్టాల్సి వచ్చేది.

రాయి ముక్కలు వద్దు, బరువుకు పగులుతాయి, లేదా ఒకరోజు కారు తగిలి జరుగుతాయి. నాలుగు బై నాలుగు ఇనప ప్లేటు ముక్కలు 5 ఎంఎంవి తెచ్చుకుని ఎన్ని కావాలో అన్ని పేర్చండి, మట్టం కుదిరాక పాదానికి టాకా వేయించండి. మట్టం చూసేటప్పుడు దూలాలు దించేయాలి. బరువుతో జాకీ పెట్టి లేపొద్దు.

కాకినాడ కాజా:

అన్నీ దించాలా? అన్నీనా?

చిత్రిక:

అన్నీ. ఇద్దరు మనుషుల్ని పిలుచుకోండి, పెసరట్లు పెట్టండి.

కాకినాడ కాజా:

దించాం, ప్లేట్లు వేశాం, మళ్లీ ఎక్కించాం. ఇప్పుడు ఊగడం లేదు. రీపరు ముక్కలు మేం వేస్తుంటే మా నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ వరసలో ఉందో లేదో చూశారు, గట్టు గారి పోస్టు ఆయనకు చదివి వినిపించాను లెండి.

కారు కూడా లోపలికి వచ్చింది. పాదాలు రెండున్నర అడుగులు పోను ఏడున్నర మిగిలింది, కాబట్టి పక్క సీటులో కూర్చున్నవాళ్లు గేటు బయటే దిగిపోవాలి. పక్క సీటులో రోజూ కూర్చునేది మా ఆవిడే, ఆ విషయం తనకింకా చెప్పలేదు.